‘బతకలేక’నా, ‘బతకలేని’నా? బడిపంతులు సామెతలో ఒక్క అక్షరం

అరసున్న:
మనుషులు ఉపాధ్యాయ వృత్తిని ఎందుకు ఎంచుకుంటారన్న విషయంపై ఒక వ్యాసం మొదలుపెట్టి, మొదటి వాక్యంలోనే సామెత దగ్గర ఆగిపోయాను. అది ‘బతకలేక బడిపంతులు’ అనా, ‘బతకలేని బడిపంతులు’ అనా? రెండూ చెవికి అలవాటైనవే. దీనికి ముందో వెనుకో మరొక పాదం ఉన్నట్టు లీలగా తోస్తున్నది కానీ ఎంత ప్రయత్నించినా నోటికి రావడం లేదు. ‘లేక’ అయితే ఆ మనిషి బడిలోకి ఎందుకు వచ్చాడో చెప్పినట్టు, ‘లేని’ అయితే వచ్చిన తరువాత ఎలా బతుకుతున్నాడో చెప్పినట్టు. నా వ్యాసం మొదటిదాని గురించి కనుక, ‘ని’ సరైన పాఠమైతే ఈ సామెత నాకు పనికిరాదు.

ద్రుతం:
‘లేక’ అన్నదే మూలం, ఇందులో సందేహం అక్కరలేదు. వ్యతిరేక క్త్వార్థకం (‘చేయక’, ‘లేక’ వంటి, పనిని కాదనే అసమాపక క్రియ) తరువాత రావలసిన ‘అయినాడు’ అన్న సమాపక క్రియ లోపించింది, సామెతలలో క్రియ ఎగిరిపోవడం మనకు కొత్త కాదు. రెండు క్రియలకూ కర్త ఒక్కడే కావాలి కనుక, బతకలేకపోయినవాడే పంతులైనవాడు. కారణం ముందు, కొలువు తరువాత. ‘లేని’ అన్నది జీతం చాలని పంతుళ్ళను చూసి జాలిపడినవారు తరువాత దిద్దిన పాఠమై ఉంటుంది.

శకటరేఫ:
ద్రుతం గారూ, ఏకకర్తృక నియమాన్ని అంత బిగించి పట్టుకుంటే ‘వానలు లేక చేలు ఎండినవి’ అన్న వాక్యాన్ని ఎక్కడ పెడతారు? లేనివి వానలు, ఎండినవి చేలు. ఛందస్సు కూడా మీకు సాయం రాదు. ‘బతకలేక’లో ఆరు మాత్రలు, ‘బతకలేని’లో ఆరు మాత్రలు, ‘బడిపంతులు’లోనూ ఆరే. రేఫ చేర్చి ‘బ్రతుకలేక’ అని వ్రాసినా ఆరు ఆరుగానే ఉంటుంది. బకారాలు రెండు చోట్లా ఎదురెదురుగా నిలబడుతున్నాయి. చెవికి ఏ పాఠమైనా ఒకటే, అందుకే రెండూ బతికి ఉన్నాయి.

అసలు వివాదం ‘క’ దగ్గర కాదు, ‘బతుకు’ దగ్గర ఉన్నదని నా అభిప్రాయం. ‘బతకనేర్చినవాడు’ అని మనం ఎవరిని అంటాము? ఎటు గాలి వీస్తే అటు తిరిగి, ఎవరి దగ్గర ఏమి మాట్లాడాలో తెలిసి, నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాడిని. ఆ మాటలో మెచ్చుకోలు కంటే ఎత్తిపొడుపే ఎక్కువ. ఆ విద్య చేతకాని మనిషి, బేరమాడడం రాని మనిషి, పిల్లల మధ్యకు వచ్చి కూర్చున్నాడన్నది ఈ సామెత చెప్పే సంగతి కావచ్చు కదా! అప్పుడిది వెక్కిరింపు వేషం వేసుకున్న ప్రశంస అవుతుంది.

వాలుగిలక:
ఊహ ముచ్చటగా ఉన్నది కానీ నిలవదు. మీరు చెప్పిన అర్థానికి ‘బతకనేరక బడిపంతులు’ అని ఉండాలి. నేర్పుకు ‘నేర’, శక్తికి ‘లే’ అన్న తేడాను మన జనం మాటలో జాగ్రత్తగానే పాటిస్తారు. ‘ఈదనేరనివాడు’ వేరు, కాలు విరిగి ‘ఈదలేనివాడు’ వేరు. కావ్యభాషలో ‘చెప్పనేర’ అన్నప్పుడు నేర్పూ శక్తీ కలిసిపోతాయని మీరు అనబోతారని తెలుసు. సామెత కావ్యభాష కాదు.

పరాయి భాషలలోనూ ఈ వెక్కిరింపు ఉన్నది. చేతనైనవాడు చేస్తాడు, చేతకానివాడు బోధిస్తాడు అని బెర్నార్డ్ షా 1903లో విసిరిన మాట అందరూ ఎరిగినదే. ఆ మాట విద్యను తప్పుపడుతున్నది, మన సామెత పొట్టను చూపిస్తున్నది. మనవాళ్ళు పంతులుకు చదువు రాదని ఎక్కడా అనలేదు, గడవదని మాత్రమే అన్నారు.

ద్రుతం:
శకటరేఫ గారి ‘వానలు లేక’లో ‘లేక’ ప్రధాన క్రియ, ఇక్కడ అది సహాయక క్రియ. రెండింటినీ ఒక గాటన కట్టడం న్యాయం కాదు. నియమం నిలిచే ఉన్నది.

నకారపొల్లు:
వ్యాకరణం నిర్ణయించలేకపోతున్న ఈ ‘లేక’ మీద సమాజ శాస్త్రవేత్తలు చాలా పని చేశారు. డాన్ లార్టీ 1975లో అమెరికా ఉపాధ్యాయుల గురించి వ్రాస్తూ, ఈ వృత్తిలోకి మనుషులను లాగే ఆకర్షణలు ఐదని చెప్పారు. పిల్లలతో మెలగడం, సేవ చేస్తున్నామన్న భావన, తమకు నచ్చిన బడి వాతావరణాన్ని వదలకుండా కొనసాగడం, జీతం, ఇంటి పనులకు వీలైన వేళలు. వీటిలో జీతానికి చోటు ఉన్నది కానీ, అది నాలుగు ఇతర కారణాల నడుమ కూర్చుని ఉన్నది. మూడవ కారణం మన సామెతలకు అందనే లేదు. బడి విడిచి వెళ్ళడం ఇష్టం లేనందువల్ల బడిపంతులైనవారు మనలోనూ ఎందరో ఉన్నారు.

2007లో హెలెన్ వాట్, పాల్ రిచర్డ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ కారణాలను కొలిచే ప్రశ్నావళిని ప్రకటించారు. అందులో గతిలేక చేరడానికి ప్రత్యేకంగా ఒక అంశం ఉన్నది. ఏ వృత్తి కావాలో తేలకపోవడం, మొదట కోరుకున్న వృత్తిలో చోటు దొరకకపోవడం, ఇదే చివరి దారి కావడం అని దాన్ని మూడు ప్రశ్నలుగా విడదీశారు. మనం ఒక్క ‘లేక’లో కుక్కినవి మూడు వేర్వేరు ‘లేక’లు! ఉపాధ్యాయ శిక్షణలో చేరిన ఆస్ట్రేలియా విద్యార్థులు అన్నింటికంటే తక్కువ మార్కులు వేసినది ఈ అంశానికే. బోధించగల శక్తి తమలో ఉన్నదన్న నమ్మకం, ఆ పనిపై ఇష్టం, పిల్లల భవిష్యత్తును తీర్చాలన్న కోరిక వంటివి పైన నిలిచాయి.

శకటరేఫ:
శిక్షణలో చేరిన వెంటనే అడిగితే ‘గతిలేక వచ్చాను’ అని ఎవరు వ్రాస్తారు? పెళ్ళిపీటల మీద కూర్చున్నవాడిని ఇష్టపడే చేసుకుంటున్నావా అని అడిగినట్టున్నది.

తలకట్టు:
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను కానీ, మీలో బడిలో పని చేసినవారు ఎవరైనా ఉన్నారా అన్న అనుమానంతో వ్రాస్తున్నాను. నేను ఈ ఉద్యోగంలో చేరింది జీతం కోసమే, అందులో సిగ్గుపడవలసినది ఏమీ కనిపించదు. మేలుబంతి అన్న మాటను మనమంతా ‘ఆదర్శం’ అన్న అర్థంలో వాడి వదిలేస్తున్నాము, పిల్లలు చూసి వ్రాయడానికి గురువు పలక పైన వ్రాసిపెట్టే వరుస అది, నేను దాన్ని రోజూ వ్రాసేవాడిని. పైన గురువు వ్రాసిన వరుసను పిల్లవాడు చూసేది మొదటి వరుస దిద్దేటప్పుడు మాత్రమే. రెండవ వరుస నుండి వాడు తాను వ్రాసిన వరుసనే చూసి వ్రాస్తాడు. అందుకే మకారం చివరి కొమ్ము వరుస వరుసకూ కురచబడుతూ వచ్చి, పలక అడుగుకు చేరేసరికి వకారమై కూర్చుంటుంది. తప్పు ఏ వరుసలో మొదలైందో వెనక్కి వెతికి, అక్కడ వేలు పెట్టి చూపినప్పుడు పిల్లవాడు తానే ఆశ్చర్యపోతాడు. ఆ వెతుకులాట రుచి మరిగిన తరువాత, ఎందుకు చేరానన్న ప్రశ్న నన్ను పెద్దగా బాధించలేదు. చేరడానికి ఒక కారణం, ఉండిపోవడానికి మరొక కారణం ఉండవచ్చునన్న సంగతి ‘లేక’ పాఠానికీ పట్టదు, ‘లేని’ పాఠానికీ పట్టదు.

గిడుగు రామమూర్తి గారు మెట్రిక్యులేషను ముగించి 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. ఆ చేరికలో ఏమి విశేషమున్నది? తరువాత సవర అనే గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టించడంలో ఉన్నది విశేషం.

వాలుగిలక:
తలకట్టు గారు సిగ్గుపడనక్కరలేదు, ‘ఉపాధ్యాయుడు’ అన్న మాట నిర్వచనంలోనే జీతం ఉన్నది. మనుస్మృతి రెండవ అధ్యాయంలో ‘ఏకదేశం తు వేదస్య’ అన్న శ్లోకం చూడండి. వేదంలో ఒక భాగాన్నో వేదాంగాలనో ‘వృత్త్యర్థం’, అంటే జీవనం కోసం, చెప్పేవాడు ఉపాధ్యాయుడు. శిష్యుడికి ఉపనయనం చేసి వేదాన్ని కల్పంతో (యజ్ఞవిధులతో), రహస్యంతో (ఉపనిషత్తులతో) సహా చెప్పేవాడు ఆచార్యుడు. మరికొద్ది శ్లోకాలకే పదిమంది ఉపాధ్యాయుల కంటే ఒక ఆచార్యుడు మిన్న అని తూకం కూడా వేశారు. కనుక ‘బతుకు కోసం ఉపాధ్యాయుడు’ అన్నది పునరుక్తి. గురువు అన్న అర్థంలో మన ‘ఒజ్జ’ కూడా ఆ ఉపాధ్యాయ శబ్దం నుండి ప్రాకృతం మీదుగా దిగివచ్చినదే.

ద్రుతం:
మనువు దగ్గర ఆగడం దేనికి? మాళవికాగ్నిమిత్రం మొదటి అంకంలో నాట్యాచార్యుల తగవు ఉండనే ఉన్నది. ‘యస్యాగమః కేవలజీవికాయై తం జ్ఞానపణ్యం వణిజం వదంతి’ అన్నాడు కాళిదాసు. చదువు కేవలం పొట్టకోసమే అయినవాడు జ్ఞానాన్ని అమ్ముకునే వర్తకుడు. ఇంతకంటే స్పష్టమైన తీర్పు ఏమి కావాలి?

తలకట్టు:
మీరు శ్లోకంలో రెండవ సగమే ఉదాహరించారు. మొదటి సగం ‘లబ్ధాస్పదోఽస్మీతి వివాదభీరోః’ అని మొదలవుతుంది. చోటు దొరికింది కదా అని వాదానికి జంకి, పరుల నింద సహిస్తూ కూర్చున్నవాడి గురించి ఆ మాట. కాళిదాసు తప్పుపట్టినది కొలువులో చేరడాన్ని కాదు, చేరిన తరువాత కదలకపోవడాన్ని. పైగా ‘కేవల’ అన్న మూడక్షరాలు లేకపోతే ఆ శ్లోకం మీ వాదానికి అక్కరకు వచ్చేది.

ద్రుతం:
‘కేవల’ ఉన్నది కనుకనే తూకం కచ్చితమైనది. మనం మాట్లాడుతున్నది కేవలం పొట్టకోసం వచ్చినవాడి గురించే కదా!

శకటరేఫ:
పొట్ట అనగానే పోతన గారిని తలచుకోకుండా ఎలా ముగిస్తాము? ‘బాలరసాలసాల’ పద్యం ఆయనది కాదనేవారు ఉన్నారు, ఆ తగవు ఇక్కడ వద్దు. కావ్యకన్యకను గూళలకు (దుష్టులకు) ఇచ్చి ఆ పడుపుకూడు తినడం కంటే సత్కవులు హాలికులైన నేమి, కందమూల కౌద్దాలికులైన (దుంపలు తవ్వుకునేవారైన) నేమి అన్న తరువాత పద్యం ఎక్కడ ఆగిందో చూడండి. ‘నిజదార సుతోదర పోషణార్థమై’. నాగలి పట్టడం ఆలుబిడ్డల పొట్ట కోసమేనని కవి దాచుకోలేదు. ఆ సమాసం పద్యం చివరన గర్వంగా నిలబడింది. నాగలికి లేని చిన్నతనం బెత్తానికి ఎందుకు రావాలి?

ద్రుతం:
మీరు పద్యాన్ని తలకిందులుగా చదువుతున్నారు. అక్కడ పొట్టకోసం పట్టినది నాగలి, కవిత్వం కాదు. విద్యను పొట్టకు దూరంగా ఉంచడానికే ఆ హాలికత్వం. పోతన లెక్క ప్రకారం పంతులు పొలం దున్నుకుని, చదువు ఊరికే చెప్పాలి.

శకటరేఫ:
ఆయన నిషేధించినది గూళలకు ఇవ్వడాన్ని. పిల్లలు గూళలు కారు.

అరసున్న:
అందరికీ కృతజ్ఞతలు. సామెతలో ‘క’నా ‘ని’నా అన్నది తేలలేదు, ఆ రెండవ పాదం సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రస్తుతానికి సామెత తీసివేసి, ప్రహ్లాదుడి ‘చదివించిరి నను గురువులు’ అన్న పద్యంతో వ్యాసం మొదలుపెడదామని అనుకుంటున్నాను.

వాలుగిలక:
ఆ పద్యంలో ‘చదివించిరి’ ఒక్కటే ప్రేరణార్థకం, ఆ తరువాత గురువుల ఊసు లేదు, అంతా ‘చదివితి’నే. చండామార్కులు చదివించినది ఒకటి, ప్రహ్లాదుడు చదివినది మరొకటి. రాజాజ్ఞతో పాఠం చెప్పిన ఆ గురువులకు అది మెప్పో, దెప్పో ముందు తేల్చుకుని వ్రాయండి.

ద్రుతం:
మెప్పే. చెప్పిన పాఠం తలకెక్కలేదని తెలిసి కూడా కర్తృపదం గురువులకే ఇచ్చాడు.

శకటరేఫ:
దెప్పు. ‘మర్మమెల్ల’ అన్న చోట మళ్ళీ చదవండి.