సమస్యాపూరణం: సత్యమాడి సభకు శత్రువయ్యె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య "సత్యమాడి సభకు శత్రువయ్యె". పద్యం చివరి పాదం ఇదే, పై మూడూ మీరు పూరించాలి. వస్తువు, పార్లమెంటులో మంత్రుల బొంకులు. మన అసెంబ్లీల జోలికి మాత్రం పోకండి. కిందటిసారి పద్యాల కంటే తిట్లే ఎక్కువొచ్చాయి.

గౌతమీతీరం:
బ్రిటను సభను నిలిచి ప్రేయసి మాటెత్త
తప్పు లేదటంచు దబ్బరాడి
జూను రాఁగ నిజము చూడఁ బ్రొఫ్యూమొ య
సత్యమాడి సభకు శత్రువయ్యె

1963 మార్చి 22న బ్రిటన్ పార్లమెంటు దిగువసభ కామన్స్‌లో, క్రిస్టీన్ కీలర్‌తో తన పరిచయంలో తప్పేమీ లేదన్నాడు యుద్ధమంత్రి జాన్ ప్రొఫ్యూమో. జూన్ 5న, సభకు అబద్ధం చెప్పానని ఒప్పుకుని రాజీనామా చేశాడు.

ఓరుగల్లు:
మళ్లీ ‘అ’నా? ఏ సమస్య ఇచ్చినా ముందొక ‘అ’ (ఇక్కడ సంధిలో ‘య’ అయింది) తగిలించి, అర్థం తిప్పేసి చేతులు దులుపుకోవడం గౌతమిగారికి అలవాటే. ‘దబ్బరాడి’ అన్నాక ‘అసత్యమాడి’ ఎందుకండీ? ‘నిజము చూడ’ పాదం నింపడానికే వచ్చింది. పైగా పాపం ఆ ప్రొఫ్యూమో మీ అరసున్నా దెబ్బకు బ్రొఫ్యూమో అయిపోయాడు.

గౌతమీతీరం:
సరళాదేశం (అరసున్నా తర్వాత ‘ప’ ‘బ’ అయ్యే సంధి) చదువుకున్నవాళ్లకు అందులో నవ్వేమీ కనబడదు. తమరి పూరణ ఏదీ?

ఓరుగల్లు:
ఇదిగోండి, ‘అ’ లేకుండా:

అయ్య బొంకె ననిన నామెను వెలివేయ
బొంకిన ప్రధాని బొజ్జ నిమిరె
నియమ మిదియె యౌర! నీతి యెక్కడ? డాను
సత్యమాడి సభకు శత్రువయ్యె

డాన్ బట్లర్ అనే బ్రిటన్ ఎంపీ 2021 జూలై 22న, ప్రధాని బోరిస్ జాన్సన్ ఈ సభకు పదే పదే అబద్ధాలు చెప్పాడంది. ఆ మాట వెనక్కి తీసుకోనన్నందుకు ఆమెనే బయటికి పంపారు. సాటి సభ్యుణ్ణి అబద్ధాలకోరు అనకూడదు, అది నిజమైనా సరే. రెండేళ్లు తిరక్కుండానే, జాన్సన్ కావాలనే సభను తప్పుదోవ పట్టించాడన్న ప్రివిలేజెస్ (సభాహక్కుల) కమిటీ నివేదికను అదే సభ 354–7 ఓట్లతో ఆమోదించింది.

డాలస్ పంతులు:
భేష్! సమస్యను విరవకుండా, ఉన్నదున్నట్టు నిజం చేశారు. ఆ బొజ్జ నిమరడం కళ్లకు కట్టింది.

గౌతమీతీరం:
బొజ్జ సంగతి సరే, ‘బొంకిన ప్రధాని’లో ‘ప్ర’ ముందున్నంత మాత్రాన ‘న’ గురువు (రెండు మాత్రల అక్షరం) ఎలా అయింది? అదేమన్నా సమాసమా? నా ‘నిలిచి ప్రేయసి’లో ‘చి’ లఘువుగానే (ఒక మాత్రగానే) ఉంచాను, గమనించారో లేదో.

నిర్వాహకుడు:
గౌతమిగారి మాటే సరి. ‘బొంకినట్టి వాఁడు’ అనండి, గణం (గురులఘువుల లెక్క) నిలుస్తుంది.

ఓరుగల్లు:
గణం నిలుస్తుంది, ప్రధాని పోతాడు.

డాలస్ పంతులు:
పోయాడుగా! 2022లో పదవి పోయింది. మరుసటి జూన్‌లో నివేదిక బయటికి రాకముందే ఎంపీ సీటూ వదిలేశాడు. కమిటీ 90 రోజుల సస్పెన్షన్ అంది గానీ, వేద్దామంటే మనిషే లేడు.

చిత్రావతి:
మీ ఇద్దరి పోట్లాట అయ్యాక ఇటు చూడండి.

మామ కొలువె యైన మచ్చను జూపించె
ముంద్ర వాటలందు మునుఁగు సొమ్ము
అల్లుఁడైన నేమి యార్థికమంత్రి య
సత్యమాడి సభకు శత్రువయ్యె

ఎల్ఐసీ సొమ్ము కోటీ 24 లక్షలు వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీలు ఆరింటిలో పెట్టారని 1957 డిసెంబరులో లోక్‌సభలో నిలదీసింది ఫిరోజ్ గాంధీ. అధికారపక్షం మనిషే, నెహ్రూకు అల్లుడే. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది.

ఓరుగల్లు:
అమ్మా, ‘మామ కొలువె యైన’ అన్న ఎత్తుగడకే దండం పెట్టాలి.

గౌతమీతీరం:
అమ్మగారి ‘అ’ బాగుంది, నా ‘అ’ మాత్రం అలవాటు!

డాలస్ పంతులు:
పద్యం బాగుంది గానీ కృష్ణమాచారికి అన్యాయం జరిగింది. ఆ పెట్టుబడికి తన సమ్మతి లేదనే ఆయన వాదన. కార్యదర్శి చేసిన పనికైనా మంత్రిదే పూర్తి బాధ్యత, అతని చాటున దాక్కోవడం కుదరదని తేల్చింది దీన్ని విచారించిన చాగ్లా కమిషన్. సభలో బొంకి దొరికిన ప్రొఫ్యూమో కథ వేరు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టేశారు.

చిత్రావతి:
సమస్యలో ‘సత్యమాడి’ అని ఇచ్చారు. ‘బాధ్యత వహించి’ అని ఇచ్చుంటే అలాగే రాసేదాన్ని నాయనా.

నిర్వాహకుడు:
పంతులుగారి అభ్యంతరం న్యాయమే. అయినా ఈ వారానికి నా ఓటు ఈ పద్యానికే.

ఓరుగల్లు:
ఒక్క మాట. నా ‘న’ గురువు కాదన్న గౌతమిగారు ఉగాది పూరణలో ‘పిలిచిన ప్రియుఁడు’ అని రాసి, అక్కడి ‘న’ను గురువు చేసుకున్నారు.

గౌతమీతీరం:
అక్కడ ఊది పలకాలి. సందర్భం అలాంటిది.

నిర్వాహకుడు:
ఉగాది గొడవ ఉగాది పోస్టు కిందే తేల్చుకోండి.

ఓరుగల్లు:
అక్కడ కామెంట్లు మూసేసింది మీరేగా!