రెండు వైపులా ఐదు కార్బన్లే వస్తే ఏ గొలుసు తీసుకోవాలి?

ఎంపీసీ_ఫస్టియర్:
అండీ, కర్బన సమ్మేళనాలకి పేర్లు పెట్టడంలో రెండు డౌట్లు. వరసగా ఐదు కార్బన్లు, మూడోదానికి ఐసోప్రొపైల్ (మధ్య కార్బన్‌తో అతుక్కునే మూడు కార్బన్ల శాఖ) ఉంది. 3-ఐసోప్రొపైల్‌పెంటేన్ అనాలా, 3-ఇథైల్-2-మిథైల్‌పెంటేన్ అనాలా? ఎటు లెక్కపెట్టినా ఐదే వస్తున్నాయి. ఇంకోటి, డెకేన్ (పది కార్బన్ల గొలుసు) మీద మూడు మిథైళ్లు (ఒక్క కార్బన్ శాఖలు): ఎడమ నుంచి 2,7,8, కుడి నుంచి 3,4,9. నంబర్ల మొత్తం తక్కువున్నది రాయమని నోట్సులో ఉంది. అలాగైతే 3,4,9 రావాలి. కీలో 2,7,8 ఇచ్చారేంటి?

గొలుసుకట్టు:
3-ఇథైల్-2-మిథైల్‌పెంటేన్ కరెక్ట్. పొడవు సమానమైతే శాఖలు ఎక్కువున్న గొలుసే ప్రధాన గొలుసు. అడ్డంగా గీసిన గీత వెంటే పోతే ఒక్క శాఖే దొరుకుతుంది. మూడో కార్బన్ దగ్గర ఐసోప్రొపైల్లోకి మళ్లి చూడండి. అందులో ఒక మిథైల్ గొలుసుకి 1వ కార్బన్ అవుతుంది, రెండోది 2 మీద శాఖగా మిగులుతుంది, మీరు వదిలేసిన రెండు కార్బన్లు 3 మీద ఇథైల్ అవుతాయి. శాఖలు రెండయ్యాయి. బొమ్మ ఎలా గీశారన్నదానితో పని లేదు.

ల్యాబ్‌కోటు:
రెండోదానికీ కీయే కరెక్ట్. మొత్తం కలపడం ఐయూపీఏసీ (రసాయనాల పేర్లకి నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) నియమం కాదు, ఎవరో పెట్టుకున్న షార్ట్‌కట్. చాలా లెక్కల్లో సరిపోతుంది కాబట్టి నోట్సుల్లో ఇంకా బతికుంది. రెండు వరసల్నీ చిన్న అంకె నుంచి పెద్దదానికి రాసి, మొదటి తేడా ఎక్కడొస్తే అక్కడే తేల్చేయాలి. ఇక్కడ మొదటి అంకెలోనే 2, 3 తేలిపోయాయి. మొత్తం 17 అయినా 16 అయినా అనవసరం.

అంకెలు రెండు వైపులా ఒకటే వస్తేనే అక్షరక్రమం నంబర్లని తేలుస్తుంది: 3-ఇథైల్-4-మిథైల్‌హెక్సేన్ (ఎటు నుంచైనా 3,4 కాబట్టి ముందొచ్చే ఇథైల్‌కి 3). అది ఇంగ్లిష్ అక్షరక్రమం సుమా. తెలుగు మీడియం వాళ్లు వర్ణమాల ప్రకారం ఇథైల్‌ని బ్యూటైల్ కంటే ముందు పెట్టేస్తుంటారు.

ఎంపీసీ_ఫస్టియర్:
థాంక్సండీ. మరి ఒకే శాఖ రెండు, మూడుసార్లు వస్తే పెట్టే డై, ట్రై అక్షరక్రమంలోకి వస్తాయా?

గొలుసుకట్టు:
సాదా శాఖలకి రావు. 3-ఇథైల్-2,2-డైమిథైల్‌పెంటేన్‌లో డైని వదిలేసి మిథైల్‌ని చూస్తాం, అందుకే ఇథైల్ ముందు. టెర్ట్‌ (టెర్ట్-బ్యూటైల్లోది) కూడా అంతే. ఐసో మాత్రం లెక్కలోకి వస్తుంది. శాఖకే శాఖలుండి బ్రాకెట్లో రాస్తే కథ వేరు, అక్కడ డై ఆ శాఖ పేరులో భాగం: 7-(1,2-డైమిథైల్‌పెంటైల్)-5-ఇథైల్‌ట్రైడెకేన్. డి ముందొచ్చింది చూడండి.

ల్యాబ్‌కోటు:
ఐయూపీఏసీ 2013 సిఫార్సుల్లో ఐసోప్రొపైల్ కంటే ప్రొపేన్-2-ఐల్‌కే ప్రాధాన్యం. ఆన్‌లైన్లో అలా కనిపిస్తే వేరే శాఖ అనుకోకండి.