పాము కాటు కేసు: రెండు పెద్ద సైట్లు రెండు రకాలుగా చెప్తున్నాయి, దేన్ని నమ్మాలి?

పుత్తూరు పిల్ల:
అక్కలకీ అన్నలకీ నమస్తే. తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నా. వచ్చే బుధవారం నాది కేస్ ప్రెజెంటేషన్. మెడికల్ వార్డులో రక్తపింజర కరిచిన పేషెంటు. రైతు, వయసు నలభై పైన, చెనిక్కాయ చేలో నీళ్ళు కడతా ఉంటే పాదం మీద కరిచిందంట. కేర్ ప్లాన్ దాదాపు అయిపోయింది, ట్రీట్‌మెంట్ పేజీ కాడ ఆగిపోయినా.

ఒక సైట్‌లో యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) 4 నుంచి 6 వయల్స్‌తో మొదలుపెట్టాలని ఉంది. ఇంకోదాంట్లో 8 నుంచి 10 అని ఉంది. ఒకటేమో వాపు ఎంత దూరం పాకిందో చూసి డోసు చెప్పమంటుంది, ఇంకొకటేమో గాజు ట్యూబ్‌లో రక్తం పోసి గడ్డకడుతుందా లేదా అని 20 నిమిషాలు చూడమంటుంది. రెండూ పేరున్న సైట్లే, రెండింటికీ కింద డాక్టర్ల పేర్లున్నాయి. మా మేడం "రిఫరెన్స్ లేకుండా ఒక్క లైను కూడా స్లైడ్‌లో పెట్టొద్దు" అన్నారు. దేన్ని పెట్టాలి? ఇంతకీ మీరందరూ ఏ సైట్లు చూస్తారు? ఫ్రీగా దొరికేవే చెప్పండి. హాస్టల్ వైఫై సంగతి మీకు తెలుసు కదా.

మోడరేటర్:
పోస్టులో పేషెంటు ఊరి పేరు తీసేశాం. వయసు, పాము, కరిచిన చోటు, వచ్చిన తేదీ, ఊరు అన్నీ ఒకచోట రాస్తే ఆ మండలంలో అందరికీ మనిషి తెలిసిపోతాడు. కేస్ షీట్ ఫొటోలు అసలు పెట్టకండి.

చిత్తూరు నైట్ సిస్టర్:
పాపా, నీ రెండు సైట్లూ అబద్ధం చెప్పలేదు. ఒకటి అమెరికా పాముల గురించి రాసింది, ఇంకొకటి మన పాముల గురించి. అంతే తేడా.

4 నుంచి 6 వయల్స్ అన్నది క్రోఫ్యాబ్ అనే మందుకి. అది అక్కడి ర్యాటిల్‌స్నేక్ జాతి పాములకి చేసింది. మన క్యాజువాలిటీ ఫ్రిజ్‌లో ఉండేది పాలీవేలెంట్ ఏఎస్‌వీ, అంటే యాంటీ స్నేక్ వెనమ్. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసేది. దానికి వాడే విషంలో చాలాభాగం మనకి దగ్గర్లోనే, చెన్నై దిగువన మహాబలిపురం పక్కన ఇరుళ పాములోళ్ళ సహకార సంఘం తీసి ఇస్తుంది. 1978లో పెట్టిన సంఘం అది. అంటే వయల్ అనే మాట ఒకటే అయినా లోపలి మందు వేరు, లెక్క వేరు. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

నేను క్యాజువాలిటీలో ఉంటా. వానాకాలం మొదలైతే పాము కాటు, తేలు కాటు లేని రాత్రి తక్కువ. కొత్తగా చేరిన పిల్లలు డ్యూటీలో ఫోన్ తీస్తే నేనేమీ అనను. కానీ రెండు సంగతులు చూడమంటా: ఏ దేశం వాళ్ళు రాశారు, ఏ సంవత్సరంలో రాశారు. ఈ రెండూ ఆ పేజీలో దొరక్కపోతే దాన్ని మూసెయ్యి, ఎంత బాగా రాసున్నా సరే.

నీ కేసుకి రెండే రెండు చాలు. ఒకటి కేంద్ర ఆరోగ్య శాఖ వేసిన స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ గైడ్‌లైన్స్‌లో పాము కాటు భాగం, 2016ది. రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీ ఆఫీసు, అంటే ఆగ్నేయాసియా ఆఫీసు వేసిన పాము కాటు గైడ్‌లైన్స్ రెండో ఎడిషన్, అదీ 2016దే. రెండూ పీడీఎఫ్‌లు, ఫ్రీ. రాత్రి నెట్ బాగున్నప్పుడు దించుకుని ఫోన్‌లో పెట్టుకో. నర్స్ చేయాల్సిన పనంతా అందులోనే ఉంది: కాలు కదలనీకుండా కట్టడం, తాడు కట్టి వస్తే డాక్టరూ మందూ సిద్ధంగా ఉన్నప్పుడే విప్పడం, ఏఎస్‌వీకి టెస్ట్ డోస్ అక్కర్లేదు అనే సంగతి (ఇప్పటికీ కొన్నిచోట్ల చేస్తానే ఉన్నారు), మందు ఎక్కేటప్పుడు రియాక్షన్ వస్తే ఇచ్చేందుకు మంచం పక్కనే అడ్రినలిన్ లోడ్ చేసి పెట్టుకోవడం. పిల్లలకి డోసు తగ్గించరు, ఎందుకంటే పాము మనిషి సైజు చూసి విషం తగ్గించదు కదా. ఇది మీ మేడం తప్పకుండా అడుగుతుంది.

ఇంకో మాట. అమెరికా పేజీల్లో మందుల పేర్లే వేరు. ఎపినెఫ్రిన్ అంటే మన అడ్రినలిన్. అసిటామినోఫెన్ అంటే పారాసిటమాల్. ఆల్బుటెరాల్ అంటే సాల్బుటమాల్. బ్రిటన్ పేజీల్లో షుగర్‌ని మిల్లీమోల్స్‌లో రాస్తారు, 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. వాళ్ళు 10 అని రాస్తే మనకి 180.

వీటన్నిట్లోకీ భయం వేసేది ఇన్సులిన్. అక్కడి వీడియోల్లో అంతా ఒక ఎంఎల్‌కి 100 యూనిట్లు, దానికి ఆరెంజ్ మూత సిరంజి. మన వార్డుల్లో వయల్ జాస్తిగా 40 యూనిట్లది, ఎర్ర మూత సిరంజి. పెన్నులేమో మన దగ్గర కూడా 100. 40 వయల్‌ని 100 సిరంజితో లాగి 10 గీత కాడ ఆపితే లోపలికి పోయేది 4 యూనిట్లే. తిరగేసి 100ది 40 సిరంజిలో అదే 10 గీత కాడికి లాగితే 25 పోతుంది. వీడియో చూసి నేర్చుకోవడం తప్పని నేననను, నేనూ చూస్తా. మొదలుపెట్టే ముందర వయల్ మీద అంకె చదువు, సిరంజి మూత రంగు చూడు.

తిరుపతి ట్యూటర్:
సిస్టర్ గారు అసలు సంగతి చెప్పేశారు. వెతకడం ఎలాగో నేను చెప్తాను, మా పిల్లలకి ప్రతి బ్యాచ్‌లోనూ చెప్పేదే.

పబ్‌మెడ్ అంటే వైద్య వ్యాసాలు వెతికే సైట్, దాంట్లో మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. అక్కడికి వెళ్ళి ఉత్త ‘స్నేక్ బైట్’ అని కొడితే మునిగిపోతారు. పాము శాస్త్రీయ నామం పెట్టండి, రక్తపింజరకి డబోయా రస్సెలీ, పక్కన ఇండియా అని చేర్చండి. ఎడమ పక్కన ‘ఫ్రీ ఫుల్ టెక్స్ట్’ అని గడి ఉంటుంది, అది టిక్ చేస్తే డబ్బు అడిగేవి పోయి చదవగలిగేవి మిగులుతాయి. అబ్‌స్ట్రాక్ట్ (వ్యాసం మొదట్లో ఉండే సారాంశం) ఒక్కటే చదివి రిఫరెన్స్‌గా రాయడం మాత్రం మానుకోండి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

అదే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వాళ్ళ ‘బుక్‌షెల్ఫ్’లో స్టాట్‌పెర్ల్స్ ఉంటుంది, నర్సులకోసం విడిగా రాసిన పేజీలు కూడా ఉన్నాయి. ఓపెన్ ఆర్‌ఎన్ వాళ్ళ నర్సింగ్ స్కిల్స్, ఫార్మకాలజీ పుస్తకాలు అక్కడే ఉచితం. జబ్బు ఎలా వస్తుంది, ఏం గమనించాలి అన్నదానికి బంగారం లాంటివి. డోసులకి మాత్రం సిస్టర్ చెప్పినట్టు మన గైడ్‌లైనే.

మీది గవర్నమెంట్ కాలేజీ అయితే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ సంగతి లైబ్రరీలో అడగండి. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, 30 పబ్లిషర్ల జర్నల్స్ దాదాపు 13,000. చాలామంది పిల్లలకి ఇది ఉందనే తెలియదు, అడిగేవాళ్ళు లేక లైబ్రరీ వాళ్ళూ చెప్పరు.

బ్రదర్ పలమనేరు:
అందరూ బాగా చెప్పారు గానీ పరీక్షకి చదివేవాళ్ళ బాధ వేరండీ. నేను నార్‌సెట్‌కి, అంటే ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్షకి ప్రిపేర్ అవుతున్నా. టెలిగ్రామ్‌లో వచ్చే పాత ప్రశ్నల పీడీఎఫ్‌లు లేకపోతే మాకు గడవదు. అసలు గొడవ ఏందంటే వాటి జవాబుల ‘కీ’ ఎవరు తయారుచేశారో తెలీదు. కాన్పు నొప్పుల్లో యాక్టివ్ ఫేజ్ ఎప్పుడు మొదలు? పాత పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతుందో రాసే చార్టు) ప్రకారం గర్భసంచి మూతి 4 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పుడు. 2020లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ లేబర్ కేర్ గైడ్ ప్రకారం 5. ఒక పీడీఎఫ్‌లో 4 కరెక్ట్, ఇంకోదాంట్లో 5 కరెక్ట్. నేనిప్పుడు ప్రశ్నలో ‘పార్టోగ్రాఫ్’ అనుందా ‘లేబర్ కేర్ గైడ్’ అనుందా చూసి జవాబు పెడుతున్నా.

చాట్‌జీపీటీ గురించి ఎవరూ రాయలేదేంటి? మా రూమ్‌మేట్ అసైన్‌మెంట్ అంతా దాంతోనే. రిఫరెన్సులు కూడా అదే ఇచ్చింది, జర్నల్ పేరు, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా. పబ్‌మెడ్‌లో ఆ టైటిల్ వెతికితే అలాంటి వ్యాసమే లేదు!

తిరుపతి ట్యూటర్:
బ్రదర్, ఆ టైటిల్ వెతికే అలవాటు అందరికీ చెప్పండి. ఒక్క నిమిషం పని.

పుత్తూరు పిల్ల:
చాలా థ్యాంక్స్ అక్కా, మేడం, బ్రదర్. రెండు పీడీఎఫ్‌లూ దించుకున్నా. ఢిల్లీ ఆఫీసుది చాలా పెద్దగా ఉంది, ముందర నర్సింగ్‌కి పనికొచ్చేవరకే చదువుతా. ఇంకో రెండు డౌట్లు. పేషెంటుకి ఏఎస్‌వీ ఎక్కేటప్పుడు దద్దుర్లు వచ్చాయి, కేస్ షీట్‌లో ఉంది. అట్లాంటివి ఎక్కడైనా చెప్పాలా, లేక కేస్ షీట్‌లో రాస్తే చాలా? ఇంకోటి, ఆ 20 నిమిషాల టెస్ట్‌కి ప్లాస్టిక్ ట్యూబ్ ఎందుకు పనికిరాదో రెండు పీడీఎఫ్‌లు చూసినా నాకు సరిగ్గా అర్థం కాలేదు.

చిత్తూరు నైట్ సిస్టర్:
మందువల్ల వచ్చిన ఇబ్బందిని రిపోర్ట్ చేయాలి, డాక్టర్లే చేయాలని లేదు, నర్సులూ చేయొచ్చు. ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ అని మన దేశానిది ఉంది, ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది. ఫారం వాళ్ళ సైట్‌లో ఉంటుంది, టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. ముందు మీ వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పు, ఆమెని దాటి పోవద్దు. మందు బ్యాచ్ నంబరు తప్పకుండా ఉండాల, ఖాళీ వయల్ పారేసేముందే రాసిపెట్టుకోమని డ్యూటీ వాళ్ళకి చెప్పు.

ట్యూబ్ సంగతి: రక్తం గాజుకి తగిలితే గడ్డకట్టే పని మొదలవుతుంది. ప్లాస్టిక్‌కి ఆ గుణం లేదు. దాంట్లో పోస్తే మంచి రక్తం కూడా 20 నిమిషాలకి గడ్డకట్టక పోవచ్చు, అప్పుడు విషం ఎక్కిందనుకుని అక్కర్లేని ఏఎస్‌వీ ఎక్కిస్తారు. సబ్బుతో కడిగిన గాజు ట్యూబ్‌తోనూ అదే తంటా. అందుకే కొత్తది, పొడిది, గాజుది. 2 ఎంఎల్ పోసి, కదపకుండా 20 నిమిషాలు పెట్టి, ఒక్కసారి వంచి చూడాల. మధ్యలో తొందరపడి ఊపి చూస్తే మళ్ళీ మొదట్నుంచీ. మీ వార్డులో గాజు ట్యూబులు యాడ పెడతారో బుధవారానికి ముందే చూసుకో, మేడం "పోయి తీసుకురా" అనే రకం మాదిరి ఉంది.