స్మోకీ మౌంటెన్స్‌లో "అడవి మనుషులు": ఈ పుకారు ఎక్కడ మొదలైంది?

అక్టోబర్‌లో అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో, స్పెన్స్ ఫీల్డ్ అనే కొండమీది మైదానం దగ్గర, ట్రెక్కింగ్ చేసేవాళ్ళు తలదాచుకునే షెల్టర్‌లో ఒక రాత్రి ఉండాలని నేనూ మా బావమరిదీ పర్మిట్ తీసుకున్నాం. ఇంతలో వాడు ఏవో వీడియోలు చూసి టెన్షన్ మొదలుపెట్టాడు. ఆ పార్కు లోతట్టున తరతరాలుగా అడవి మనుషులు బతుకుతున్నారట, పిల్లల్ని ఎత్తుకుపోతారట!

1969 జూన్‌లో అదే స్పెన్స్ ఫీల్డ్‌లో ఆరేళ్ళ బాబు తప్పిపోయి, వందలమంది గాలించినా దొరకని మాట నిజమే. ఆ రాత్రి కుండపోత వాన కూడా పడింది. అదే రోజు కొన్ని మైళ్ళ అవతల కేక విన్నామని, ఒక మనిషిని చూశామని ఒక కుటుంబం తర్వాత చెప్పింది. కథంతా దీని మీదే అల్లారని నా అనుమానం.

దాక్కోవడం అసాధ్యమేమీ కాదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బాంబు పెట్టిన ఎరిక్ రుడాల్ఫ్ ఆ పక్క కొండల్లోనే ఐదేళ్ళు తప్పించుకున్నాడు. కానీ 2003లో దొరికింది ఎక్కడ? ఊళ్ళో కిరాణా షాపు వెనక, తిండి వెతుక్కుంటూ. మరి ఒక గుంపు తరాల తరబడి ఎలా బతుకుతుంది?

అక్కడ రాత్రి ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా? రేంజర్లు ఏమంటారు? 1969కి ముందే ఈ కథ ఉండేదా? నాకైతే ఎలుగుబంట్ల భయమే ఎక్కువ. తిండి సంచులు వాటికి అందకుండా షెల్టర్ దగ్గరుండే కేబుల్‌కి ఎలా వేలాడదీయాలో కూడా చెప్పండి.