బ్యాండింగ్ అయ్యాక మామగారిని ఊరికి ఎప్పుడు తీసుకెళ్లొచ్చు?

మారతహళ్ళి అల్లుడు:
మామగారికి లివర్ సిరోసిస్. రక్తం వాంతి అయితే ఇక్కడే బెంగళూరులో చేర్పించాం. అన్నవాహికలో ఉబ్బిన సిరలకు 6 రబ్బరు బ్యాండ్లు వేసి నిన్న ఇంటికి పంపారు. 3 వారాలకు మళ్లీ రమ్మన్నారు. అన్నీ ఒకేసారి వేసెయ్యకూడదా? ఆదివారం బస్సులో అనంతపురం పోతానని ఆయన పట్టు. తిండి సంగతి కూడా చెప్పండి.

గ్యాస్ట్రో పీజీ:
నోట్లోంచి దించే కెమెరా గొట్టం (స్కోప్) కొనకు తొడిగే క్యాప్ మీద 6 లేదా 7 బ్యాండ్లు ముందే ఎక్కించి ఉంటాయి. అన్నవాహిక పొట్టలో కలిసే చోట మొదలుపెట్టి, మెలిక తిరుగుతూ 5–7 సెం.మీ. పైదాకా వేస్తారు. రక్తం ఎక్కేది కిందినుంచే. పైగా పైన ముందు కడితే, క్యాప్ కిందికి దిగేటప్పుడు ఆ బ్యాండ్లు ఊడొచ్చు. సిరను క్యాప్‌లోకి పీల్చి, తెరంతా ఎర్రబడ్డాకే బ్యాండును వదిలే నాబ్ తిప్పాలి. సగం పీల్చి వదిలితే బ్యాండు జారి అక్కడే రక్తం కారుతుంది. కట్టిన చోటల్లా కండ చచ్చి పుండు పడుతుంది. అది మానాలి కదా, అందుకే 2–4 వారాల ఎడం. సిరలు కనబడకుండా పోయేదాకా ఇదే వరస.

ఎండోస్కోపీ నర్సు:
ఆదివారం ప్రయాణం వద్దండీ. బ్యాండ్లు 5–10 రోజుల్లో రాలతాయి, కింది పుండు నుంచి రక్తం పడే భయం అప్పుడే. మనిషి కులాసాగా కనిపిస్తాడు, ఇంట్లోవాళ్లకు ధీమా వచ్చేస్తుంది. 2 వారాలు ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి దగ్గర్లోనే ఉంచండి. మెత్తగా పిసికిన పెరుగన్నం, చల్లార్చిన రాగి అంబలి, పాలలో నానిన ఇడ్లీ పెట్టండి. జంతికలు, అప్పడాలు, పొగలుగక్కే కాఫీ వద్దు. 2–3 రోజులు మింగితే రొమ్ములో నొప్పి మామూలే.
తారులా నల్లగా, జిగటగా విరేచనమైనా, కళ్లు తిరిగినా, పగలే మత్తుగా పడుకుని మాట తడబడినా నేరుగా క్యాజువాలిటీకి. ఐరన్ మాత్రలకూ నల్లగా వస్తుంది, కానీ ఆ జిగట, ఆ కంపు ఉండవు.

మారతహళ్ళి అల్లుడు:
టికెట్ క్యాన్సిల్ చేశానండీ. బీపీ 120 ఉన్నా కార్వెడిలాల్ రాశారు, ఎందుకు?

గ్యాస్ట్రో పీజీ:
బీపీ కోసం కాదు. బ్యాండు సిరను మూస్తుందంతే, లివర్‌కు వెళ్లే పోర్టల్ సిరలో ఒత్తిడి అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించేది ఈ మాత్ర. మామూలుగా రోజుకు 6.25 మి.గ్రా.తో మొదలుపెట్టి, తట్టుకుంటే 12.5కు పెంచుతారు. పై బీపీ 90 కిందికి పడినా, ఉబ్బసం ఉన్నా డాక్టరుకు చెప్పండి, మీరే ఆపెయ్యొద్దు. నొప్పులకు డైక్లోఫినాక్, ఐబూప్రోఫెన్ అసలే వద్దు. పారాసిటమాల్ అయితే రోజుకు 2 గ్రాములు దాటకూడదు.