గోల్కొండలో గజ్జెల చప్పుడు ఎవరైనా విన్నారా?

ప్రశ్న: నిన్న సౌండ్ అండ్ లైట్ షో చూసి బయటికొస్తుంటే మా బావ "నాట్యగత్తె తారామతి గజ్జెలు, విను" అని హడలగొట్టాడు. నిజమేనా?

జవాబు: నేనూ విన్నాను. తీరా చూస్తే మా ఆవిడ పట్టీలు! ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన కొండ కొసన ఉన్న బాలాహిసార్‌లో వినపడే కోట అది. గజ్జెలొక లెక్కా?

జవాబు: మా నానమ్మ ఇల్లు కోట గోడల లోపలే. ఆవిడ గజ్జెల మాటే ఎత్తేది కాదు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోటలోని సేనాని అబ్దుల్లాఖాన్ పన్నీ లంచం తిని ఔరంగజేబు సైన్యానికి తలుపు తీశాడు కదా, "ఆ గడియ చప్పుడురా అది" అనేది. పొద్దుగూకాక మమ్మల్ని గడియ టక్కున తీయనిచ్చేది కాదు. ఇప్పటికీ నేను మెల్లగానే తీస్తాను.

అడిగినవారు: గజ్జెలే నయమండీ బాబూ!