ఎండలో ఒంటికి రాదు, బీరు తాగితే ఆగదు... ఎందుకు?

నిన్న ఎండలో బైక్ మీద ఖమ్మం వెళ్లొచ్చా, రెండు లీటర్లు తాగినా ఒంటికి ఒక్కసారే, అదీ ముదురు పసుపు. రాత్రి రెండు బీర్లకే నాలుగుసార్లు లేచా. కిడ్నీకి ఎలా తెలుస్తది బ్రో?

>> కిడ్నీకి కాదు, మెదడుకి తెలుస్తది. చెమట పోయి రక్తం చిక్కబడగానే మెదడులోని హైపోథలామస్ అనే భాగం పసిగట్టి, దాని కిందున్న పిట్యూటరీ గ్రంథితో ఏడీహెచ్ (నీళ్లు ఒంట్లోనే ఆపే హార్మోన్) వదిలిస్తది, అది కిడ్నీ చివరి గొట్టాల గోడల్లో ఆక్వాపోరిన్ అనే నీటిదారులు పెట్టిస్తది, నీళ్లు మళ్లీ రక్తంలోకే. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడకడితే బయటికొచ్చేది లీటరున్నర! ఆల్కహాల్ ఆ ఏడీహెచ్‌నే తొక్కేస్తది.

>> ఆల్డోస్టిరాన్ అనే ఇంకో హార్మోన్‌ని వదిలేశారేంటి సార్, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి నుంచొచ్చి ఉప్పుని వెనక్కి లాగేది అదేగా, ఉప్పు వెనకాలే నీళ్లూ.

>> మా బాబాయ్‌కి ఏడీహెచ్ సరిగ్గా రాక రోజుకి ఎనిమిది లీటర్లు పోయేది, అందరం షుగరే అనుకున్నాం, టెస్టులో షుగర్ లేదు. ఏడీహెచ్‌లా పనిచేసే డెస్మోప్రెసిన్ మందు వాడాకే రాత్రి నిద్ర.

>> వామ్మో ఎనిమిదా!! నా నాలుగుసార్లు నయం 😅